మా ఊరికి రాని విలేకరి

పోయిన నెలలో ఒక పత్రిక నుంచి ఒక అమ్మాయి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. మొయినాబాద్‌లో ఇప్పుడు మేముంటున్న ఇల్లు రోడ్డు మీదే కాబట్టి వెతుక్కోవడం అనేది పెద్ద మాటే. కారు దిగి నాలుగడుగులు వేసింది, అంతే. చేతిలో అరచేతి అంత టేపు రికార్డరు. గొంగళ్లు నేసేవాళ్ల గురించి రాస్తున్నానని, మిమ్మల్ని కలిస్తే చాలని ఎవరో చెప్పారని అన్నది. మా అత్తగారి ఊరు చూసి వచ్చావా అని అడిగాను. చూడలేదట. బాట బాగా లేదు, కారు పోదు అని డ్రైవరు అన్నాడట. మీరున్నారు కదమ్మా, మీరు చెప్పింది రాసుకుంటాను అన్నది. నేను ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి, ముందు ఊరికి పోయి రా, ఆ తర్వాతే నోరు విప్పుతాను అన్నాను. మా మనవరాలికి తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చిన మనిషితో అట్లా మాట్లాడతారా అని నన్ను వంటింట్లోకి పిలిచి మరీ కోప్పడింది. ఆ అమ్మాయి మాత్రం మంచిది. చాయ్ తాగి, సరే పోయి వస్తానని చెప్పి వెళ్లింది. పోతుందో పోదో నాకు తెలియదు. ఆమె ముందు బిగబట్టుకున్న మాటలన్నీ ఆమె వెళ్లాక ఒక్కసారిగా పైకి వచ్చాయి కాబట్టి రాసి పెడుతున్నాను.

మా అత్తగారి ఊరు సురంగల్‌కూ చేవెళ్లకూ మధ్య, బండ్ల బాటకు కొంచెం లోపలికి ఉంటుంది. పేరు రాయను. ఒకసారి అచ్చులో పడి ఆ ఊరు పడిన కష్టం చాలు. ఊళ్లో సగం ఇళ్లు కురుమలవి. వయసులో ఉన్న మగవాళ్లు మందలు తోలుకుని నెలల తరబడి బయటే ఉండేవాళ్లు. ఆడవాళ్లు ఉన్ని ఏకి, వడికేవాళ్లు. కాళ్లలో సత్తువ తగ్గిన మగవాళ్లు గుంట మగ్గం మీద కూర్చుని గొంగళ్లు నేసేవాళ్లు. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లేసరికి రెండో పెద్ద యుద్ధం నడుస్తున్నది, నాకు పద్దెనిమిదేళ్లు. మొదటి నెలంతా ఆ ఇంటి వాసన నన్ను అన్నం తిననివ్వలేదు. తడిసిన ఉన్ని, గంజి కోసం ఉడికించిన చింతగింజలు, మేకపాలు పొంగిన పొయ్యి, అన్నీ కలిసి ఒక వాసన. ఏడాది తిరిగాక పుట్టింటికి వెళ్తే అక్కడ ఏదో లోటుగా అనిపించి, ఏమిటా అని ఆలోచిస్తే ఆ వాసనే.

మా మామ ఆ చుట్టుపక్కల పేరున్న నేతగాడు అని పెళ్లికి ముందు మా నాయన గొప్పగా చెప్పాడు. నేను చూసిన మామ మాత్రం నేసేవాడు గానీ ఎక్కడికీ కదిలేవాడు కాదు. చేవెళ్లలో వారానికోసారి జరిగే అంగడికి ఊరంతా వెళ్లినా ఆయన వెళ్లడు. ఆయన నేసిన గొంగళ్లను సురంగల్‌లో ఉండే మా చుట్టం ఒకాయన వచ్చి తీసుకెళ్లి, సురంగల్ సరుకని చెప్పి అమ్మేవాడు. ఇదేమిటని నేను అడగలేదు. కొత్త కోడలిని, పైగా చదువుకున్న కోడలిని. మా పుట్టింటి ఊళ్లో మిషన్ వాళ్ల బడి ఉండేది, అందులో నాలుగో తరగతి దాకా చదివాను. చదువుకున్న పిల్ల చెయ్యి రాట్నం మీద నిలవదని మా అత్తకు గట్టి అనుమానం. నేను వడికిన ప్రతి కండెనూ వెలుతురుకు పట్టి చూసేది. చూసి ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు అని అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఒకరోజు బెల్లం పొట్లం విప్పి, ఆ కాగితం మీద ఉన్నదేదో చదువుతూ పొయ్యి ముందు కూర్చున్నాను. తల ఎత్తితే మా అత్త నన్నే చూస్తున్నది. తిడుతుందనుకున్నాను. ఆమె లేచి, వాసాల సందులోంచి ఒక వెదురు గొట్టం తీసి, అందులోంచి చుట్టిన కాగితం ఒకటి నా ఒళ్లో పెట్టింది. "చదువు బిడ్డ. మెల్లగ చదువు" అన్నది. పట్నం నుంచి వచ్చే ఒక తెలుగు వారపత్రికలోది అది. ఎనిమిదేళ్ల కిందటిది, మడతల దగ్గర చిరిగింది. విలేకరి ఒకాయన మొయినాబాద్‌లో బస్సు దిగి, ఉన్ని ఊళ్లన్నీ నడుస్తూ తిరిగి రాసిన వ్యాసం. మా మామ వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

వ్యాసం చాలా బాగుంది. ఆ మాట ఇప్పుడైనా చెప్పాలి. సురంగల్‌లో ఒక ముసలామె కళ్లు మూసుకుని ఉన్నిని వేళ్లతో తడిమి, ఇది మెడది, ఇది వీపుది, ఇది తొడది అని చెప్పిందని రాశాడు. అడ్డంగా కూర్చున్నానని ఆమె తనను తిట్టిందని కూడా రాశాడు. షాబాద్‌లో బంటుగాడనే కుక్క తన సంచీని నోట కరుచుకుని మందలోకి పోయిందట. చదువుతూ నాకే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తర్వాతి వాక్యంలోకి వెళ్లాను. సురంగల్‌కూ చేవెళ్లకూ నడుమ ఫలానా ఊరున్నది అని మా ఊరి పేరు రాసి, అక్కడివాళ్లు చచ్చిన గొర్రెల తోళ్లను సున్నంలో నానబెట్టి, ఆ బొచ్చు పీకి మంచి ఉన్నిలో కలుపుతారని, ఆ గొంగడి ఒక్క వానకే చివికిపోతుందని రాశాడు. చదవడం ఆపేశాను. గడప దగ్గర చూస్తే మామ లేడు.

అప్పుడు అత్త చెబితే తెలిసింది నాకు జరిగిందంతా. ఆ పత్రిక వచ్చిన వారం, చేవెళ్లలో ఉన్నీ గొంగళ్లూ కొనే సేటు ఒకాయన దాన్ని అంగడి నడుమ చదివించాడట. ఆ తర్వాత మా మామ గొంగళ్లు పరిస్తే, చచ్చిన గొర్రె వచ్చింది అని జనం నవ్వారట. రెండు అంగళ్లు ఓర్చుకుని, మూడో అంగడికి ఆయన వెళ్లలేదు. మిగతా నేతగాళ్లూ ఒక్కొక్కరే మానుకున్నారు. ఇప్పుడు యుద్ధం మూలంగా పల్టనులకు కంబళ్లు కావాలని కొనేవాళ్లు ఊరూరూ తిరుగుతున్నారు. మా ఊరి మొగం చూసినవాళ్లు లేరు. ఎనిమిదేళ్లుగా ఆ కాగితాన్ని చదవలేని ఇంట్లో, చదవలేని మనుషులు, కోర్టు తీర్పులా భద్రంగా దాచి పెట్టారు.

మా అత్త నాతో ఆ వ్యాసం మూడుసార్లు చదివించింది. మూడోసారి అయ్యాక రాట్నం పక్కకు జరిపి చెప్పింది: "సురంగల్‌ల ముసల్దాని పేరు రాసిండు. షాబాద్‌ల కుక్క పేరు సుత రాసిండు. మన ఊర్ల మనిషి పేరు ఒక్కటి లేదు." నేను మళ్లీ కాగితం చూశాను. నిజమే. నాలుగో తరగతి చదివిన నాకు కనబడనిది ఆమెకు వినబడింది. ఆ మనిషి మన ఊరికి రానే లేదని, వచ్చి ఉంటే తన ఇంటి ముందు నుంచే పోవాలని, ఈ ఊళ్లో తన కంటపడకుండా కోడి కూడా పోదని ఆమె వాదం. ఊరంతా అడిగి చూసింది, ఎవరికీ అట్లాంటి మనిషి గుర్తు లేడు. కానీ మా ఊరివాళ్లు అట్లా కాక ఇంకెట్లా చెబుతారని బయటివాళ్లు అంటారు. అందుకని ఆయన తిరిగిన ఊళ్లన్నీ, ఆయన రాసిన వరసలోనే తిరిగి అడగాలని తీర్మానించింది. నా పెనిమిటి మందతో ఎక్కడో ఉన్నాడు. మామ మగ్గంలోంచే, పోయి ఏం చేస్తారని అడిగాడు. "అడుగుతం" అన్నది అత్త. అంతే.

జొన్నలు నడుము దాకా పెరిగిన రోజులు. రొట్టెలు, ఎర్రకారం మూట కట్టుకుని తెల్లవారగానే బయలుదేరాం. ముందు మొయినాబాద్ పోవాలంది, ఎందుకంటే ఆయన అక్కడ బస్సు దిగాడు. అక్కడ అడిగేదేమీ లేదు కదా, నేరుగా సురంగల్ పోదాం అన్నాను. ఆయన దిగిన దగ్గర దిగాలె అన్నది, మేము బస్సు ఎక్కనే లేదన్న సంగతి లెక్క చేయకుండా. మొయినాబాద్‌లో బస్సు ఆగే చోట ఒక్క నిమిషం నిలబడి, చుట్టూ చూసి, సరే నడువు అన్నది.

సురంగల్ ముసలామె బతికే ఉంది. చూపు మాత్రం పూర్తిగా పోయింది. ఆయన గుర్తున్నాడా అని అడిగితే, గుర్తు లేకేం అని నవ్వింది. రోజంతా కూర్చున్నాడట. ప్రతి గొర్రెకూ పేరుంటుందా అని అడిగాడట. కొత్త బూట్లు మడమ కొరికితే తనే గొర్రె కొవ్వు రాసి, బూట్లు చేతిలో పట్టుకుని నడువు అని చెప్పిందట. నేను వ్యాసంలో ఆమె భాగం చదివి వినిపించాను. తన గురించి ఏం రాశారో ఆమె అప్పటి వరకు వినలేదు. "తిట్టిన్నని రాసిండా? తిట్టే ఉంట" అన్నది. తర్వాత కాగితం ఇమ్మని చెయ్యి చాచి, ఉన్నిని తడిమినట్టే వేళ్లతో తడిమి, మడత పాడు కాకుండా తిరిగి ఇచ్చింది. ఆయన అబద్ధాలు రాసే మనిషి కాడమ్మా అని కూడా అన్నది. అటు నుంచి ఎటు పోయాడని అత్త అడిగింది. మీ ఊరి మీదుగా చేవెళ్లకు నడిచి పోతానన్నాడు, దారికి రొట్టెలు కట్టిచ్చాను అన్నది ముసలామె.

నాకు అనుమానం పట్టుకుంది. చూసినవన్నీ చూసినట్టు రాసిన మనిషి, మా ఊరి మీదుగా పోతానని చెప్పి బయలుదేరిన మనిషి, మా ఊరి గురించి మాత్రం ఎందుకు కల్పిస్తాడు? పెళ్లయి ఏడాది దాటింది గానీ ఈ ఇంట్లో ఎనిమిదేళ్ల కిందట ఏ ఉన్ని వాడారో నాకేం తెలుసు? ఈ పాపపు ఆలోచన అత్తకు చెప్పలేదు. ఆమె నా మొహం చూసే పసిగట్టిందనుకుంటాను. దారిలో ఒక మోటబావి దగ్గర నీళ్లు తాగుతూ, నువ్వు ఇక్కడి నుంచి ఇంటికి పోతే పో, నాకు తొవ్వ తెలుసు అన్నది. కోపంగా అనలేదు. నేను మూట నెత్తికెత్తుకున్నాను.

చేవెళ్లలో మా అత్త అడిగిన ప్రశ్న వేరే. విలేకరిని చూశారా అని ఎవరినీ అడగలేదు. ఆ రోజుల్లో సురంగల్ నుంచి సేటు ఉన్ని బండి తోలింది ఎవరు అని అడిగింది. మడమ పుండు పడిన పట్నపు మనిషి, బండి కనబడితే ఎక్కకుండా ఉంటాడా అని ఆమె బావి దగ్గర నుంచీ ఆలోచిస్తూ వచ్చిందట. ఇద్దరు ముగ్గురు చెప్పగా చెప్పగా ఒక ఇంటికి చేరాం. ఆ బండి తోలిన మనిషి ఇప్పుడు సేటు దగ్గర లేడు, ఇంటి ముందు బండి చక్రాలు బాగు చేసుకుంటున్నాడు. మేము ఏ ఊరి వాళ్లమో విని పని ఆపేశాడు. చక్రం గోడకు ఆనించాడు. తర్వాత చెప్పాడు.

"నేనే తోల్కొచ్చిన అవ్వా. మీ ఊరి తొవ్వ కాడ ఆయన దిగుత అన్నడు. సేటు దిగనియ్యలే. ఆ ఊర్ల ఏమున్నది, చచ్చిన గొర్ల బొచ్చు కలుపుతరు, నీ కాలు గిట్లున్నది, పండుకో అన్నడు. ఆయన బండిలనే రాసుకున్నడు."

ఆ ఏడు మా మామ ఆ సేటుకు గొంగళ్లు ఇవ్వలేదు, నేరుగా అంగట్లో అమ్ముకున్నాడు. ఇంత చిన్న కారణం. ఈ మాట నలుగురి ముందు చెబుతావా అని అత్త అడిగితే, ఎనిమిదేళ్లు ఎవ్వరూ అడగలేదు, అడిగితే చెబుతాను అన్నాడు ఆయన. నాకు ఏడుపొచ్చింది. మా అత్త కొంగు ముడి సర్దుకుని, షాబాద్‌కు తొవ్వ ఎటు అని అడిగింది. ఇంక షాబాద్ ఎందుకు, కావలసింది దొరికింది కదా అన్నాను. "మనకు పనికొచ్చే మాట దొరికిందని తిరిగిపోతే, ఆయనకు మనకు ఏం ఫరకు" అన్నది. అట్లా షాబాద్ కూడా పోయాం. అక్కడ ఆయన బండి దిగింది చూసిన వాళ్లున్నారు, మడమకు గుడ్డ కట్టుకుని ఉన్నాడని చెప్పారు. బంటుగాడు చచ్చిపోయాడు గానీ, వాడి పిల్లకు పిల్ల ఒకటి అదే పేరుతో తిరుగుతున్నది. అది మా రొట్టెల మూట వాసన చూసి, దొంగతనం తమ ఇంటి ఆచారమని గుర్తు చేసుకున్నట్టు వెంటపడింది. అత్త రొట్టె విసిరి, రాసింది నిజమే అన్నది.

ఆ విలేకరిని వెతకడం తర్వాతి పని. అందులో మాత్రం నా చదువు అక్కరకొచ్చింది. నాకు అక్షరాలు నేర్పిన మిషన్ బడి పంతులమ్మ ఆ వారపత్రిక తెప్పించుకునేది. పత్రిక మూతపడిందని, ఆయన పట్నంలోనే ఒక అచ్చాఫీసులో అచ్చు తప్పులు దిద్దే పనిలో ఉన్నాడని వాకబు చేసి చెప్పింది. అత్తా నేనూ పట్నం బస్సెక్కాం. బొగ్గుతో నడిచే బస్సుల కాలం. ఎత్తు వచ్చిన చోటల్లా అందరం దిగి నడిచాం, అత్త బస్సు కంటే ముందే పైకి చేరి నిలబడింది.

అచ్చాఫీసు వసారాలో ఆయన మా ముందు నిలబడ్డాడు. సన్నటి మనిషి, వేళ్లకు సిరా. నేను కాగితం ఇస్తే, పాత బంధువును చూసినట్టు మొదట మొహం విప్పారింది. తర్వాత అత్త అడిగింది, మా ఊరు చూసినవా అయ్యా అని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ సేటు పెద్దమనిషి కదా అని నమ్మానని, కాలు నొప్పిలో ఉన్నానని ఏదో మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసి, "చూడలేదమ్మా" అన్నాడు. మా మామ అంగడికి వెళ్లడం మానిన సంగతి నేను చెప్పాను. ఆయన వసారా అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ ఎనిమిదేళ్లలో ఆ వాక్యం తనకు ఒక్కసారి కూడా జ్ఞాపకం రాలేదని ఆయన మొహం చూస్తేనే తెలుస్తున్నది. ఇప్పుడే తప్పయిందని రాసి, సంతకం పెట్టి ఇస్తానన్నాడు. నేను చెయ్యి చాచబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గిప్పుడు సుత చూడకుండనే రాస్తవా? వచ్చి చూడు. నీ కంటికి మాది చెడ్డ ఉన్ని అనిపిస్తే గదే రాయి."

తిరుగు ప్రయాణంలో నేను ఆమెతో మాట్లాడలేదు. చేతికి వచ్చిన కాగితాన్ని కాలదన్నుకున్నదని నా కోపం. ఆయన వస్తాడని ఏమి నమ్మకం? పదిహేను రోజులు గడిచాయి. ప్రతి పొద్దుటా వాకిలి ఊడ్చి సురంగల్ బాట వైపు చూసేది నేనే. అత్త చూసేది కాదు. పదహారో రోజో పదిహేడో రోజో, ఆయన ఆ బాటన నడుచుకుంటూ వచ్చాడు, పాత చెప్పులతో. సురంగల్ దాకా బస్సూ బండీ చూసుకుని, అక్కడి నుంచి నడిచాడట.

మూడు రోజులున్నాడు మా ఇంట్లో. ఊళ్లో ప్రతి మగ్గం దగ్గరా కూర్చున్నాడు, మందలు ఉన్న చోటికి వెళ్లాడు, కత్తిరింపు చూశాడు, అందరి పేర్లూ రాసుకున్నాడు. మా అత్త ఆయనకు ఏ లోటూ చేయలేదు, నవ్వు మొహమూ చూపలేదు. మామ మాత్రం ఆయన ఉన్న గదిలో ఉండేవాడు కాదు. రెండో రోజు ఆయన వచ్చి మగ్గం గుంట పక్కన నేల మీద కూర్చుని, నన్ను మన్నించండి అన్నాడు. మామ వినిపించుకోనట్టు నేస్తూనే ఉన్నాడు. మూడో రోజు పొద్దున మామ కనబడలేదు. మధ్యాహ్నానికి ఎక్కడి నుంచో నడిచి వచ్చి, రెండు పిడికిళ్లు ఆయన ముందు విప్పాడు. రెండింట్లోనూ నల్ల ఉన్ని. తోళ్లు శుద్ధి చేసే వాళ్ల దగ్గరికి పోయి సున్నపు తోలు మీది బొచ్చు అడిగి తెచ్చాడని తర్వాత తెలిసింది. తెంపి చూడమన్నాడు. ఆయన ఒక పోగు తీసి లాగితే, అది సాగి, వేళ్లకు చుట్టుకుని, తెగనన్నది. రెండోది ఎండుగడ్డిలా పుటుక్కున తెగి పొడి రాలింది.

"ఇది మాది" అన్నాడు మామ. "ఇది నువ్వు రాసింది."

ఆయన ఆ పొడిని చాలా సేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు. మామ మళ్లీ మగ్గంలోకి దిగాడు. కాస్త ఆగి, దూరంగా కూర్చుంటే ఏం కనబడుతుంది, దగ్గరకు రమ్మన్నాడు.

రెండు నెలలకు ఇంకో పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. నేను చూడని ఊరి గురించి ఒకసారి రాశాను అన్నదే మొదటి వాక్యం. బండి తోలిన మనిషి మాట కూడా ఆ మనిషి పేరుతోనే వేశాడు. నేను ఇంటి ముందు నిలబడి ఊరందరికీ చదివి వినిపించాను. అత్త అంతా విని, మన పక్కింటి ఆమె ముగ్గురు బిడ్డల తల్లి అయితే ఇద్దరని రాశాడు, చూడు అని తప్పు పట్టింది. సేటు ఏమీ మారలేదు, పత్రికల వాళ్లను డబ్బుతో కొన్నామని అన్నాడట. ఆ మాట విని మా ఊరు చాలా రోజులు నవ్వుకున్నది. కంబళ్లు కొనేవాళ్లు మా ఊరికి ఒక్కసారే వచ్చారు, అప్పటికి యుద్ధం చివరికొచ్చింది. అన్నీ చక్కబడ్డాయని చెబితే నేనూ చూడనిది రాసినట్టే.

కానీ ఆ వ్యాసం వచ్చిన తర్వాతి అంగడికి మామ తలపాగా చుట్టుకుని బయలుదేరాడు. ఇంట్లో పని ఉన్నదని అత్త రానన్నది. ఏ పనీ లేదు. గొంగళ్ల మూట నెత్తిన పెట్టుకుని నేను వెంట వెళ్లాను. పాత చోటే పరిచి కూర్చున్నాడు. చాలా సేపటికి ఒక ముసలి రైతు వచ్చి, గొంగడిని పిడికిట పట్టి చూసి, ఏ ఊరిది అని అడిగాడు. మామ గొంతు సవరించుకుని మా ఊరి పేరు చెప్పాడు. రైతు తల ఊపి, ఇంకోటి కూడా చూపమన్నాడు.

ఆ తర్వాత ఆయన పదకొండేళ్లు బతికాడు, ఒక్క అంగడి తప్పలేదు. పోయిన ఎనిమిదేళ్లను ఎవరూ ఆయనకు తిరిగి ఇవ్వలేదు, ఆయన ఎవరినీ అడగలేదు. ఆ ఎనిమిదేళ్లలో ఏం జరిగిందని మా ఇంట్లో ఎవరిని అడిగినా ఏదీ గుర్తు లేదనేవాళ్లు. ఈ పదకొండేళ్లను మాత్రం ఏ వారం అంగట్లో ఏం జరిగిందో వరసగా చెప్పేవాళ్లు.